పన్ను మీద బేరం

ఆళ్లగడ్డలో రాతిని దేవుడిగా మలిచేవాళ్లకు కొదవ లేదు. మలిచిన దేవుణ్ణి ముక్కు రాలకుండా, వేలు విరక్కుండా గుడి గడప దాకా చేర్చేవాళ్లకే కొదవ. ఆ పనిలో నౌషాద్‌ను మించినవాడు చుట్టుపక్కల లేడని శిల్పులే ఒప్పుకుంటారు. శిల్పులు ఇంకొకరి పనితనాన్ని ఒప్పుకోవడం ఎంత అరుదో ఎరిగినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. విగ్రహం సిద్ధమైతే, ముహూర్తం ఖాయం చేసేముందు "నౌషాదు ఆ పొద్దు ఖాళీనా?" అని కనుక్కునే పెద్ద శిల్పులున్నారు. ట్రాలీ ఆటోలో మూరెడు మందాన వరిగడ్డి పరిచి, దాని మీద పాత ట్యూబులు వేసి, విగ్రహాన్ని పడుకోబెట్టి, గోనెపట్టాలు కప్పి తాడు బిగించాడంటే ఇక ఆ బండికి తొందర అనేది ఉండదు. స్పీడు బ్రేకరు ముందు ఆగి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగుతాడు. వెనక బస్సువాళ్లు హారను మోగించి మోగించి అలిసిపోతారు. "సామి నిద్రపోతాండాడు, లేపితే మీకే నష్టం" అని కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతాడు.

ఆ బండి అతని సొంతమై నాలుగు నెలలే అయింది. మూడేళ్లు నెల తప్పకుండా కంతు కట్టాడు. ఆఖరి కంతు కట్టి కాగితాలు చేతికొచ్చిన రోజు, అద్దం మీద ఉన్న ఫైనాన్సువాళ్ల పేరును బ్లేడుతో గీకి గీకి తీసేశాడు. భార్య ఆలియా సేమ్యా పాయసం వండి వీధంతా పంచింది. ఆ రాత్రి నౌషాద్ రెండుసార్లు లేచి బయటికొచ్చి బండిని చూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి జీవితంలో నాది అని చెప్పుకోవడానికి మొదటిసారి ఒక వస్తువు దొరికింది మరి.

అట్లాంటి బండిని ఆ గురువారం పొద్దున అమ్మడానికి నంద్యాలకు తోలుకుపోతున్నాడు. ఆలియాకు చెప్పలేదు. సాయంత్రం ఐదు లోపల లక్షా ఎనభైమూడు వేల ఆరువందలు కట్టాలి. కడితే ఆరు లక్షల పన్నెండు వేలు చేతికొస్తాయి, కట్టకపోతే ఆ ఆరు లక్షలూ పోతాయి. బండి పోతే పోయింది, ఇంకా పెద్దది కొనొచ్చు. లెక్క ఇంత సులువుగా ఉన్నప్పుడు ఆలోచించేదేముంది? పాపం, అట్లా అనుకుంటూనే శిరివెళ్ల దాటాడు.

ఆ ఆరు లక్షలూ ఎక్కడున్నాయంటే, ఫోనులో ఉన్నాయి. తెర మీద ఒక బొమ్మ విమానం పైకి లేస్తుంది. అది పేలిపోయేలోపల వేలు నొక్కితే పెట్టిన సొమ్ము రెట్టింపో మూడింతలో అవుతుంది, ఆలస్యమైతే గోవిందా. సైటువాళ్ల ఆఫీసు ఏదో సముద్రంలో దీవిలో ఉందట. శిల్పులు విగ్రహానికి తుది మెరుగులు దిద్దేదాకా, గుడివాళ్లు కొబ్బరికాయ కొట్టేదాకా గంటలు గంటలు బండి పక్కన కూర్చునే మనిషికి అది మంచి కాలక్షేపంగా కనిపించింది. మొదట ఐదువందలు పెట్టాడు. పన్నెండు వందలైంది. వెనక్కి అడిగితే రెండు నిమిషాల్లో బ్యాంకులో పడింది. ఆ రెండు నిమిషాలే అతన్ని ముంచాయి. ఆ తర్వాత నెల రోజుల్లో నలభై ఒక్క వేలు పెట్టాడు, తెర మీద నాలుగున్నర లక్షలు చూశాడు.

చూడడమే గానీ ముట్టుకున్నది లేదు. డబ్బు పంపమని నొక్కితే 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. మూడు రోజులు పరిశీలించారు. తర్వాత ఆధార్ కార్డు ఫోటో అడిగారు. కార్డు చేత్తో పట్టుకొని ముఖం కనిపించేట్టు ఇంకో ఫోటో అడిగారు. బ్యాంకులో పేరూ కార్డులో పేరూ ఒక అక్షరం తేడా ఉంది, సరిచేయడానికి ఎనిమిది వేలు అన్నారు. కట్టాడు. మామూలు దారిలో నెల పడుతుంది, వేగంగా కావాలంటే పదిహేను వేలు అన్నారు. కట్టాడు. డబ్బు తీసేముందు ఇంకా కొన్ని ఆటలు ఆడి తీరాలన్నారు. ఆడితే పోతుందని భయపడ్డాడు గానీ, పోకపోగా ఆరు లక్షల పన్నెండు వేలకు పెరిగింది! ఇన్ని ఆటల్లో ఒక్కటీ పోకపోవడమేమిటని అతనికి అనుమానం రాలేదు. అల్లా దయ అనుకున్నాడు. ఇప్పుడు ఆఖరి మెట్టు, ప్రభుత్వానికి నూటికి ముప్పై పన్ను. అది ముందు కట్టాలి.

బండి కొనేంత రొక్కం ఒక్క పూటలో తీసివ్వగల మనుషులు నంద్యాలలో చాలామందే ఉండొచ్చు. నౌషాద్‌కు తెలిసినది వాసవాంబ ఒక్కతే. బజారులో బియ్యం కొట్టు ఆమెది. భర్త మాధవయ్య పోయి పదకొండేళ్లయింది. ఆయన పోయిన పదమూడో రోజున కొట్టు అమ్మేస్తారేమోనని ఇద్దరు వ్యాపారులు పరామర్శకు వచ్చారట. వాసవాంబ వాళ్లకు మజ్జిగ ఇచ్చి, పాతిక బస్తాలు అంటగట్టి పంపిందని బజారంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. విగ్రహాల పని లేని రోజుల్లో నౌషాద్ ఆమె కొట్టుకే బస్తాలు తోలేవాడు. బాడుగ దగ్గర పది రూపాయలకు అరగంట వాదించేది. వాదన అయ్యాక, మధ్యాహ్నమైతే అన్నం తినకుండా పంపేది కాదు.

పదకొండు గంటలకు బండి కొట్టు ముందు ఆపి సంగతి చెప్పాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాసవాంబ కళ్లజోడు సర్దుకొని అతన్ని ఒకసారి ఎగాదిగా చూసింది.

"బండి అమ్మతావా? ఎవురిదీ, నీదేనా?"

"నాదే అమ్మా. కాగితాలన్నీ ఉండాయి."

ఆమె లేచి చెప్పులేసుకొని బండి చుట్టూ తిరిగింది. టైర్లు కాలితో తన్నింది. ఇంజను స్టార్టు చేయించి, తల పక్కకు వంచి వినింది. రెండున్నర లక్షలకు పైమాటే పలికే బండి అని ఆమెకూ తెలుసు, నౌషాద్‌కూ తెలుసు.

"లక్షా తొంభై. ఇష్టముంటే చెప్పు, బేగా తేల్చుకో" అంది.

"సరేనమ్మా" అన్నాడు నౌషాద్.

వాసవాంబ కదల్లేదు. బజారులో తక్కువ రేటుకు అడగడం ఆమె హక్కు, లబోదిబోమనడం అవతలివాడి హక్కు. ఆ తంతు జరక్కుండా ఏ సరుకూ ఆ కొట్టు గడప దాటదు. అట్లాంటిది పది రూపాయల బాడుగ దగ్గర వదలని మనిషి అరవై వేలు ఒక్క మాటకు వదిలేశాడు.

"ఏందప్పా ఇది" అంది మెల్లగా. "బేరం ఆడకుండా ఒప్పుకుంటాండావే. యాడన్నా మనిషిని గుద్దినావా?"

"అయ్యో, లేదమ్మా."

"ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?"

"ఊ... ఆలియాకు కొంచెం..."

"అట్లనా? ఉండు, ఆలియాతోనే మాట్లాడతా." ఆమె చేయి ఫోను మీదికి పోయింది.

నౌషాద్ మెట్టు మీద కూలబడ్డాడు. విమానం దగ్గర్నుంచి పన్ను దాకా చెప్పేశాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ సైటు సంగతి నీకెవరు చెప్పారని ఆమె అడిగితే, "ఎవురో మెసేజ్ పెట్టినారమ్మా" అన్నాడు, నేల చూస్తూ.

వాసవాంబ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికనిపించింది. ఆమె ఫోను అందుకొని దూరంగా పట్టుకుని ఆ ఆరు లక్షల పన్నెండు వేలను చదివింది. పక్కనే కస్టమర్ కేర్ వాళ్ల చాటింగు ఉంది. రక్షిత అని పేరు, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకున్న చక్కని అమ్మాయి ఫోటో. 'గౌరవనీయులైన కస్టమర్, మీ గెలుపు మొత్తం సిద్ధంగా ఉన్నది. పన్ను చెల్లించిన పది నిమిషములలో జమ చేయబడును' అని ఆఖరి మెసేజ్.

"ఇదెట్ల మాట్లాడేది? నోటితో చెప్తే పోతాదా?"

నౌషాద్ మైకు బొమ్మ నొక్కి పట్టుకున్నాడు. వాసవాంబ గొంతు సవరించుకుంది. సరుకు దింపించుకునేటప్పుడు లారీ డ్రైవర్లతో మాట్లాడే గొంతు అది.

"అమ్మా రక్షితా, నేను నౌషాదు పెద్దమ్మను. పన్ను కడతాం, కట్టం అని అనడంలా. నీకాడ మావి ఆరు లచ్చల పన్నెండు వేలుండాయి గదా. అందులోనే నీ పన్ను పట్టుకొని, మిగిలిన నాలుగు లచ్చల ఇరవై ఎనిమిది వేల నాలుగొందలు పంపించు."

ఆ లెక్క ఆమె మనసులో ఎప్పుడు చేసుకుందో నౌషాద్‌కు అంతుబట్టలేదు. నిమిషంలో జవాబొచ్చింది. 'క్షమించండి. సిస్టమ్‌లో ఆ విధముగా వీలు లేదు. పన్ను విడిగా చెల్లించవలెను. ఇది భారత ప్రభుత్వ నిబంధన.'

వాసవాంబ ఫోను తొడ మీద పెట్టుకుంది. "నౌషాదూ, మన కొట్టుకు రైతులు వడ్లు తెస్తారు గదా. కమీషను, హమాలీ, తూకం కూలి అన్నీ పట్టుకొని మిగిలింది ఇస్తాం. ముందు నువ్వు కమీషను తెచ్చి నా చేతిలో పెట్టు, ఆ పైన నీ వడ్ల దుడ్లు ఇస్తానంటే ఏం చేస్తాడు రైతు?"

"కొడతాడమ్మా."

"మరి?"

"వాళ్లది కంప్యూటరు గదమ్మా. దాంట్లో అట్ల కుదరదేమో" అన్నాడు నౌషాద్. అప్పటికీ నమ్మకం వదల్లేదు. అతన్ని తప్పు పట్టి లాభం లేదు. చేతికందే దూరంలో ఆరు లక్షలు కనిపిస్తుంటే ఎంతటివాడికైనా బుర్ర పక్కకు జరిగి చోటిస్తుంది.

"కుదరదేమో. సరే, ఇంకో తీరుగా చూద్దాం" అని వాసవాంబ కాళ్లు పైకి మడిచి కూర్చుంది. ఆమె అట్లా కూర్చుందంటే బేరం మొదలైందని అర్థం. మిల్లు యజమానులు సైతం ఆ కూర్చోవడం చూస్తే నీళ్లు తాగుతారు.

"అమ్మా రక్షితా, అంత దుడ్లు మాకాడ యాడుండాయి? బండి అమ్మితే లచ్చ వచ్చింది. లచ్చే ఉంది."

ఐదు నిమిషాలు అటునుంచి చప్పుడు లేదు. నౌషాద్‌కు చెమటలు పట్టాయి. కోపమొచ్చి ఖాతా మూసేశారేమోనని భయపడ్డాడు. అంతలో టింగుమంది. 'మేనేజర్ గారితో మాట్లాడితిని. మీ పరిస్థితి దృష్ట్యా ప్రత్యేక అనుమతితో లక్ష రూపాయలు చెల్లించవచ్చును.'

నౌషాద్ ఎగిరి గంతేశాడు. "అమ్మా! ఎనభైమూడు వేలు మిగిలినాయి!"

"గమ్మునుండు" అంది వాసవాంబ. మళ్లీ మైకు. "తల్లీ, నీకు పుణ్యముంటాది. ఆ లచ్చలో యాభై వేలు ఆసుపత్రికి కట్టేసినాం. యాభై ఉంది."

'యాభై వేలు అంగీకరించబడినది. ఈ అవకాశము నేడు మాత్రమే.'

కొట్టు ముందు నుంచి ఒక లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. నౌషాద్ ఈసారి గంతెయ్యలేదు. ఆమె ముఖం కేసి చూశాడు. ఆమె అతన్ని చూడ్డం లేదు, పూర్తిగా పనిలో ఉంది.

"ఇరవై అయితే ఇప్పుడే ఈ నిమిషంలో ఏస్తా."

'ఇరవై వేలు. త్వరగా పంపండి.'

"ఇరవై అంటే మా కోడలు ఒప్పుకోనంటాంది. తొమ్మిది."

ఈసారి నిమిషం కూడా పట్టలేదు. 'సరే మేడం. తొమ్మిది వేలు. స్కానర్ పంపుతున్నాను.' దాని కిందే స్కానరు బొమ్మ వచ్చింది. ఎవరిదో కుట్టు మిషన్ల షాపు పేరు మీద ఉంది. నౌషాద్ ఇదివరకు పంపినవి ఒకసారి టీ కొట్టు పేరు మీద పోయాయి, ఇంకోసారి ఎవరో విద్యార్థి పేరు మీద. అప్పుడు అతను ఆ పేర్లు చదవనైనా లేదు.

వాసవాంబ ఫోను అతని చేతిలో పెట్టింది.

"నలభై ఏండ్లుగా ఈ కొట్టు పన్ను కడతాంది నాయనా. మీ పెద్దాయన ఉన్నప్పుడు సేల్స్ టాక్సు కట్టినాం, ఆ పైన వ్యాటు కట్టినాం, ఇప్పుడు జీఎస్టీ కడతాండాం. ఆఫీసర్ల ముందర నేను ఏడ్సినా, మొత్తుకున్నా, ఒక్క రూపాయి తగ్గిచ్చినోడు లేడు. లచ్చా ఎనభైమూడు వేల పన్ను గంటసేపట్లో తొమ్మిది వేలకు దిగిందంటే, అది పన్నేనా?"

నౌషాద్ ఫోను కేసి చూశాడు. తెర మీద ఆరు లక్షల పన్నెండు వేలు అట్లాగే మెరుస్తున్నాయి, ఒక్క అంకె కూడా తగ్గలేదు. మొదటిసారి అవి అతనికి అంకెల్లాగానే కనిపించాయి. బండి మూడేళ్ల కంతులు గుర్తొచ్చాయి. గంట కిందట వేరే ఎవరి దగ్గరికన్నా పోయి ఉంటే, ఈపాటికి బండి తాళాలు వాళ్ల జేబులో ఉండేవి. చదువు, కంప్యూటరు ఏమీ లేకుండా, తనకు తెలిసిన ఒక్క విద్యతో ఈమె దాన్ని పట్టేసింది. అతనికి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది.

ఏడుపు ఆపుకుంటూ తనే మైకు నొక్కాడు. "ఆ తొమ్మిది వేలు గూడా అందులోనే పట్టుకోప్పా. నాకాడ పైసా లేదు."

రక్షితమ్మకు విసుగొచ్చినట్టుంది. 'మాపై నమ్మకము లేనిచో మిమ్మల్ని చేర్పించిన ఓంప్రకాష్ గారిని, నంద్యాల, సంప్రదించగలరు. వారు మా పాత కస్టమర్.'

నౌషాద్ ఫోను జేబులో దాచబోయాడు గానీ ఆలస్యమైపోయింది. వాసవాంబ కళ్లజోడు ముక్కు మీదే ఉంది, చదివేసింది. ఓంప్రకాష్ ఆమె ఒక్కగానొక్క కొడుకు.

"నువ్వు తెలిసుండే చెప్పలేదు" అంది.

"అన్న మంచికే చెప్పినాడమ్మా..."

ఆమె వెనక్కి తిరిగి గోదాములోకి ఒక్క కేక వేసింది. ముప్పై ఆరేళ్ల ఓంప్రకాష్ తవుడు దులుపుకుంటూ వచ్చాడు. మెట్ల మీద నౌషాద్‌నూ, తల్లి ముఖాన్నీ, ఆ ఫోనునూ వరసగా చూసి అక్కడికక్కడే నిలబడిపోయాడు. తల్లి అడగకముందే సగం చెప్పేశాడు. అతనివీ మూడు లక్షలు ఆ సైటులో ఇరుక్కుపోయాయి. పన్ను కట్టడానికి అతని దగ్గర లేదు, తల్లిని అడిగే ధైర్యం అసలే లేదు. అప్పుడు రక్షిత ఇంకో దారి చూపించింది. ఐదుగురిని చేర్పిస్తే పన్ను లేకుండా పంపుతామంది.

"చేర్పించినావా?"

"ఊ."

"వచ్చినాయా?"

"ఇంకో ఐదుమందిని అడుగుతాండారు."

వాసవాంబ చెంబెత్తి నీళ్లు తాగింది. సగం పైట మీద ఒలికాయి. "ఆ ఐదుమంది పేర్లు చెప్పు."

నౌషాద్ మొదటివాడు. బస్తాలు మోసే హమాలీలు ఇద్దరు. గుమస్తా సుబ్బరాయుడు. పాణ్యం నుంచి ఏటా వడ్లు తెచ్చే రైతు ఒకాయన. పేర్లు వింటున్నకొద్దీ ఆమె ముఖంలో రక్తం తగ్గిపోవడం నౌషాద్ చూశాడు. అందరూ ఆ కొట్టు మెట్లెక్కినవాళ్లే. సైటును చూసి కాదు, ఈ కొట్టును చూసి నమ్మారు.

"అమ్మా, ఎవురికీ తెలీకుండా నేనే సర్దేస్తా" అన్నాడు ఓంప్రకాష్. "నౌషాదుకు పోయిన అరవై నాలుగు వేలు ఈ పొద్దే ఇచ్చేద్దాం. బజారులో తెలిస్తే పరువు పోతాది."

నౌషాద్ కూడా అందుకున్నాడు. "అవునమ్మా. నాకు ఇప్పటికిప్పుడే వద్దు. బండి మిగిలింది, చాలు. పోలీసులూ కేసులూ అంటే ఆడినోళ్ల మీద గూడా రాస్తారంట."

"దుడ్లు ఇస్తాడు. ఐదుమందివీ ఇస్తాడు, నెలనెలా వాని ఖర్చులోంచే కట్టిస్తా" అంది వాసవాంబ. "కానీ ఆ ముండ ఈ నిమిషం ఇంకో నౌషాదుతో మాట్లాడతాంటాది. వాడు బండి అమ్మడానికి నా కాడికి రాడు గదా. ఇంగ ఎవురి కాడికో పోతాడు." ఆమె గల్లాపెట్టెకు తాళం వేసి, తాళంచెవి నడుము దగ్గర దోపుకుంది. "పాండి స్టేషనుకు."

మిట్టమధ్యాహ్నం, బేరాలు జోరుగా ఉన్న వేళ, వాసవాంబ కొట్టు షట్టరు సగానికి దిగింది. మాధవయ్య పోయిన రోజు తర్వాత అట్లా దిగడం అదే మొదలు. ఆటో పిలుస్తానన్నాడు ఓంప్రకాష్. "ఇంత బండి ముందర పెట్టుకొని ఆటో ఏందీ" అని ఆమె పైట నడుముకు చుట్టుకొని ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. రెండో మనిషికి అక్కడ చోటు లేదు. నంద్యాల బజారులో బియ్యం వ్యాపారి మాధవయ్య కొడుకు వెనక ట్రాలీలో, దేవుళ్లు పడుకునే వరిగడ్డి మీద, తల వంచుకొని కూర్చున్నాడు. బట్టల కొట్టువాళ్లు, బెల్లం కొట్టువాళ్లు బయటికొచ్చి మరీ చూశారు. ఎవరో "యాడికమ్మా?" అని అడిగారు. "పోలీస్ స్టేషనుకు" అని ఆమె గట్టిగానే చెప్పింది. నౌషాద్ విగ్రహం ఎక్కించుకున్నప్పటికంటే మెల్లగా నడిపాడు.

స్టేషనులో ఫిర్యాదులు రాసుకునే రైటరు మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు. పోయిన డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టలేదు, ఆ ఖాతాలను ఆపించే ప్రయత్నం చేస్తామన్నాడు. ఫోనులో మెసేజ్‌లన్నీ ఫోటోలు తీసుకున్నాడు. పన్ను మీద జరిగిన బేరం దగ్గరికొచ్చేసరికి రాయడం ఆపి, ఆమె ముఖం చూసి, మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. "పదేండ్లుగా ఈ కేసులు చూస్తాండానమ్మా" అన్నాడు, "వాళ్ల నోటితోనే ఇట్లా చెప్పించినోళ్లు లేరు." పక్క టేబులు మీది కానిస్టేబులు కూడా లేచొచ్చి చదివాడు. నౌషాద్‌కు ఛాతీ ఉప్పొంగింది, ఆ బేరం తనే చేసినట్టు.

"సరే, ఈ సైటును నీకు చూపించిందెవరు?" రైటరు పెన్ను ఎత్తి నౌషాద్‌ను అడిగాడు.

నౌషాద్ గోడ మీద క్యాలెండరు చూశాడు. "తెలీదు సార్. ఎవురో మెసేజ్ పెట్టినారు."

"ఎవురో అంటే ఎట్లప్పా? నంబరుంటాది గదా."

ఓంప్రకాష్ చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. తలెత్తలేదు. వాసవాంబ కొడుకు వైపు తిరిగి కాసేపు ఎదురుచూసింది. వాడు నోరు విప్పుతాడని ఆమె ఎంత కోరుకుంటున్నదో నౌషాద్‌కు స్పష్టంగా తెలిసింది. ఫ్యాను తిరుగుతోంది. రైటరు పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

"రాసుకో నాయనా" అంది ఆమె చివరికి. "ఓంప్రకాష్. తండ్రి మాధవయ్య. బియ్యం వ్యాపారం. వీడు చేర్పించింది ఐదుమందిని, ఆ పేర్లూ చెప్తా."

"ఈయన మీకేమవుతాడమ్మా?"

"కొడుకు."

ఆమె చేయి టేబులు అంచును పట్టుకుంది. రైటరు తల వంచుకొని రాశాడు. తన జన్మలో ఇంత పెద్ద మనిషిని చూడలేదని నౌషాద్ అనుకున్నాడు. చెక్కిన దేవుళ్లను ఎందరినో మోసిన మనిషి అనుకున్న మాట అది.

కొద్దిసేపటికి ఓంప్రకాష్ తలెత్తాడు. "ఆ నంబర్లు నా ఫోనులో ఉండాయి సార్. నేనే చెప్తా" అన్నాడు. వాసవాంబ టేబులు అంచు వదిలి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

అంతలో బయట జీపు హారను గట్టిగా మోగింది. గేటు దగ్గరున్న కానిస్టేబులు లోపలికి తొంగి చూసి అరిచాడు.

"గేటుకు అడ్డంగా ట్రాలీ పెట్టినారు, ఆ బండి ఎవురిది?"

నౌషాద్ లేచి నిలబడ్డాడు.

"నాది సార్" అన్నాడు.